బిళ్లలిచ్చి ఇంటికి పంపితే సరిపోదు

చలి ముదురుతోంది. ఊపిరితిత్తుల జబ్బుతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారికి కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా గడ్డుకాలం. ఆయాసం ఎగదన్నుకొచ్చి ఆసుపత్రిలో చేరతారు. ఆక్సిజన్ పెట్టి, నెబులైజర్ పెట్టి, సూదిమందులిచ్చి నాలుగైదు రోజుల్లో మనిషిని నిలబెడతారు. కాస్త తెరిపినపడగానే డిశ్చార్జి. ఇంటికొచ్చే సంచిలో ఒక పంపు (ఇన్‌హేలర్), ఒక చీటీ, 'మళ్లీ ఆయాసమొస్తే ఇవి వేసుకోండి' అని చెప్పి ఇచ్చిన స్టెరాయిడ్ బిళ్లలు, ఒక కోర్సు యాంటీబయాటిక్ ఉంటాయి. ఆ బిళ్లలు ఎప్పుడు మింగాడో, ఎన్ని మింగాడో, మింగాక ఏమైందో కనుక్కునేవాళ్లు ఉండరు.

ఇది ప్రమాదకరమని ఆసుపత్రులకు, ప్రభుత్వాలకు, ఇంట్లో ఇలాంటి రోగి ఉన్న ప్రతి కుటుంబానికీ ఇప్పుడే చెప్పవలసి వస్తోంది. జబ్బు తీరు తెలుసుకుని, మందులు సరిగ్గా వాడుకుంటూ, తేడా వస్తే గుర్తుపట్టేలా రోగికి శిక్షణ ఇవ్వడం మంచిదే. దాన్నే వైద్యులు స్వీయ సంరక్షణ కార్యక్రమం అంటున్నారు. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారు ఏడాదిలో డాక్టర్ ఎదుట కూర్చునేది కొద్ది గంటలే, మిగతా కాలమంతా జబ్బును చూసుకోవాల్సింది వాళ్లే కాబట్టి అది అవసరం కూడా. కానీ మందులు చేతిలో పెట్టి, ఫోన్ చేస్తే పలికే మనిషి లేకుండా వదిలేస్తే ప్రాణాలు పోవచ్చు. మన దగ్గరకన్నా ఎంతో పకడ్బందీగా, ఫోన్‌లో పలకరిస్తూ నడిపిన ఒక కార్యక్రమంలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ సంగతి మన ఆసుపత్రుల్లో కూడా చర్చకు రాకపోవడమే నాకు అన్నిటికన్నా కలవరంగా ఉంది.

ముందు జబ్బు గురించి రెండు మాటలు. వైద్యులు సీఓపీడీ అని పిలిచే ఈ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో గాలిగొట్టాలు ఇరుకవుతాయి, గాలితిత్తుల గోడలు చెడతాయి. లోపలికి పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. దెబ్బతిన్న భాగం మళ్లీ బాగుపడదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2018లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో 1990లో 2.81 కోట్లుగా ఉన్న సీఓపీడీ రోగులు 2016 నాటికి 5.53 కోట్లయ్యారు. ఈ జబ్బు భారంలో సగానికి పైగా వాటా కలుషితమైన గాలిదని, పొగాకుది నాలుగో వంతని ఆ అధ్యయనమే లెక్కగట్టింది. జన్మలో బీడీ ముట్టని అమ్మమ్మకు ఈ జబ్బెలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లు ముప్పయి నలభై ఏళ్లు ఆమె ఊదిన కట్టెల పొయ్యిని, పిడకల పొగను తలచుకోవాలి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట తాగిన ఆడవాళ్లు, రాతి క్రషర్లలో దుమ్ము పీల్చినవాళ్లు, ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లు, వీళ్లంతా ఇవాళ ఛాతీ డాక్టర్ గది ముందు వరుసలో ఉన్నారు.

ఈ జబ్బులో మనిషిని కుంగదీసేది మధ్యమధ్య వచ్చే ఉధృతి. జలుబు చేసినా, ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, పొగ మంచు కలిసిన గాలి పీల్చినా ఆయాసం రెట్టింపవుతుంది, కళ్లె చిక్కబడి పచ్చగా మారుతుంది. అలా ఒకసారి వచ్చి తగ్గిన ప్రతిసారీ ఊపిరితిత్తుల శక్తి ఎంతో కొంత తరిగే అవకాశం ఉంది. మొదలవుతూనే గుర్తుపట్టి మందు వేస్తే ఆసుపత్రి దాకా పోనక్కర్లేదు కదా అన్న ఆలోచన నుంచే స్వీయ సంరక్షణ కార్యక్రమాలు పుట్టాయి. ఆలోచన సబబైనదే. డబ్బు లెక్క కూడా దానికి తోడైంది. అమెరికాలో డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు సీఓపీడీ రోగులు మళ్లీ మళ్లీ చేరుతున్న ఆసుపత్రులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపుల్లో కోత 2014 అక్టోబరు నుంచి మొదలైంది. రోగి తిరిగి రాకుండా చూసుకోవడం ఆసుపత్రుల అవసరంగా మారింది.

కెనడాలోని క్విబెక్‌లో ఏడు ఆసుపత్రులు కలిసి 191 మంది రోగులపై చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త వారానికోసారి ఇంటికి వెళ్లి, దాదాపు రెండు నెలలపాటు పంపు వాడే తీరు, ఊపిరి నియంత్రణ, వ్యాయామం, ఉధృతి వస్తే ఏం చేయాలో నేర్పారు. తర్వాత కూడా ఫోన్‌లో అందుబాటులో ఉన్నారు. ఏడాదిలో ఉధృతి వల్ల ఆసుపత్రిలో చేరడం 40 శాతం దాకా తగ్గింది. 2010లో అమెరికాలో మాజీ సైనికుల కోసం నడిచే వెటరన్స్ అఫైర్స్ ఆసుపత్రుల్లో 743 మందిపై ఇంకో అధ్యయనం జరిగింది. గంటా గంటన్నర పాఠం, ఇంట్లో వాడుకోవాల్సిన మందుల పథకం, నెలనెలా ఫోన్, అంతే. అక్కడా చేరికలు, అత్యవసర విభాగానికి రాకపోకలు కలిపి 41 శాతం తగ్గాయి. ఇంకేం, దేశమంతా పెట్టేద్దాం అనుకునే దశ అది.

అదే మాజీ సైనికుల ఆసుపత్రుల్లో మరింత పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. 20 ఆసుపత్రులు. అంతకు ముందు ఏడాదిలో సీఓపీడీతో ఆసుపత్రిలో చేరినవారు. మొత్తం 960 మందిని తీసుకోవాలన్నది లక్ష్యం. ఒక సగానికి మామూలు వైద్యం. మిగతా సగానికి ఒక్కొక్కరిని కూర్చోబెట్టి నాలుగుసార్లు, గుంపుగా ఒకసారి పాఠాలు. ఉధృతి వస్తే వెంటనే వాడుకోవడానికి స్టెరాయిడ్, యాంటీబయాటిక్ ముందుగానే ఇచ్చారు. కేస్ మేనేజర్ ఫోన్ చేసి పలకరిస్తూ ఉండేవారు. ఏ రకంగా చూసినా మన దగ్గర చీటీ రాసి పంపడంకన్నా వంద రెట్లు మేలైన ఏర్పాటు.

426 మంది చేరేసరికి అధ్యయనాన్ని ఆపేయవలసి వచ్చింది. భద్రతను కనిపెట్టి చూసే కమిటీ లెక్కలు తీస్తే మామూలు వైద్యం పొందినవారిలో 10 మంది, శిక్షణ పొందినవారిలో 28 మంది చనిపోయి ఉన్నారు. ఆసుపత్రి చేరికల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చనిపోవడానికి కారణమేమిటో పరిశోధకులు ఎంత వెతికినా తేల్చలేకపోయారు. 2012లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో ఆ ఫలితాలను ఉన్నవున్నట్టు ప్రచురించారు. ఒకే ఆసుపత్రుల వ్యవస్థ, ఒకే జబ్బు, ఇంచుమించు ఒకే పద్ధతి. రెండేళ్ల తేడాతో ఒకటి మేలు చేసిందని తేలింది, ఇంకొకటి కీడు జరిగిందని ఆగిపోయింది.

ఇక్కడితో అయిపోలేదు. 2018లో జామా పత్రికలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. 240 మంది రోగులు. డిశ్చార్జి సమయం నుంచి మూడు నెలలపాటు నర్సులు రోగికి, ఇంట్లో చూసుకునేవారికి స్వీయ సంరక్షణ నేర్పారు. ఆసుపత్రికి రావడం బాగా తగ్గిందన్నారు. ఏడాది తిరిగేసరికి పరిశోధకులే తమ పొరపాటును గుర్తించి బయటపెట్టారు. కంప్యూటర్‌లో రెండు గుంపుల గుర్తులు తారుమారయ్యాయి. శిక్షణ పొందినవారి లెక్కేమో మామూలువారికి, వాళ్ల లెక్క వీళ్లకి పడింది. 2019 అక్టోబరులో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని సరిచేసి మళ్లీ ప్రచురించారు. సరైన లెక్క ప్రకారం ఆరు నెలల్లో సీఓపీడీ కారణంగా ఆసుపత్రికో అత్యవసర విభాగానికో రావలసిరావడం మామూలు వైద్యంలో మనిషికి సగటున 0.72 సార్లు, శిక్షణ పొందినవారిలో 1.40 సార్లు. దాదాపు రెట్టింపు. తప్పును తామే చెప్పుకున్న ఆ పరిశోధకుల నిజాయితీని మెచ్చుకోవాలి. కానీ ఆ ఏడాదిలో మొదటి లెక్కనే నమ్మి ఎన్ని ఆసుపత్రులు తమ పద్ధతులు మార్చుకున్నాయో ఎవరు చెప్పగలరు?

ఇవన్నీ చెప్పి స్వీయ సంరక్షణే వద్దనడం అన్యాయం. అన్ని అధ్యయనాలనూ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2017లో, ఊపిరితిత్తుల జబ్బుతో మరణాలు శిక్షణ పొందినవారిలో కాస్త ఎక్కువగా కనిపించాయని హెచ్చరించింది. 2022లో తాజాపరిచినప్పుడు అదనపు మరణాలు కనిపించలేదని, ఆసుపత్రి చేరికలు తగ్గాయని, బతుకు కాస్త మెరుగైందని తేల్చింది. అంటే సరిగ్గా నడిపితే మేలే. ఎవరికి, ఎవరి తోడుతో, ఎంత కనిపెట్టుకుని అన్నదే అసలు ప్రశ్న. దానికి కొంత జవాబు 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన గ్లాస్గో అధ్యయనంలో ఉంది. అక్కడ 464 మందిలో సగం మందికి నర్సులతో ఏడాదిపాటు శిక్షణ, తోడ్పాటు ఇచ్చారు. మొత్తంమీద చూస్తే లాభం లేదు. కానీ నేర్చుకున్నదాన్ని నిజంగా ఆచరించగలిగినవారు 42 శాతం మంది తేలారు, వాళ్లకు ఆసుపత్రి చేరికలు తగ్గాయి. వాళ్లెవరు? వయసులో కాస్త చిన్నవాళ్లు, ఇంట్లో ఇంకో మనిషి తోడున్నవాళ్లు.

ఆ చివరి మాట దగ్గర ఆగి మన ఊళ్లు చూడండి. పెద్దాయన ఒక్కడే, లేదా ముసలి దంపతులిద్దరే ఉండే ఇళ్లెన్ని! పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో. కోవిడ్ నాటి నుంచి ఇంట్లో వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది. కొందరి ఇళ్లలో ఆక్సిజన్ మిషనూ ఉంది. రాత్రి పూట వీడియో కాల్‌లో కొడుకు మీటర్ చూసి 'తొంభైయే ఉంది, మిషన్ పెంచు నాన్నా' అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ సీఓపీడీ ముదిరిన మనిషికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఆక్సిజన్ అతిగా ఎక్కిస్తే కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్ముతుంది, ఊపిరి మందగిస్తుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. కొలిచి తగినంతే ఆక్సిజన్ ఇచ్చినవారిలో 4 శాతం చనిపోతే, ధారాళంగా ఇచ్చినవారిలో 9 శాతం చనిపోయారు. ఇంట్లో మిషన్ మీద మీటను డాక్టర్ చెప్పిన అంకె దాటించవద్దు. కొడుకైనా, కూతురైనా, పక్కింటి నర్సమ్మైనా సరే.

మత్తు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. రెండు రోజులు ఆయాసంతో కూర్చునే తెల్లవార్చిన మనిషి మూడో రోజు కునుకు తీస్తుంటే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. పాపం ఇప్పటికి నిద్ర పట్టింది, లేపకండి అంటారు. పిలిస్తే పలకకుండా మగతగా ఉండటం, పొంతన లేని మాటలు, పొద్దున్నే తలనొప్పి, చేతులు వణకడం, ఇవి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందనడానికి గుర్తులు కావచ్చు. అప్పుడు పోతున్న ప్రతి నిమిషమూ విలువైనదే. ఇలాంటి మనిషికి నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో నిద్రబిళ్ల అడిగి తెచ్చి వేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

మన దగ్గర స్వీయ సంరక్షణ కార్యక్రమం పేరుతో లేకపోయినా సొంత వైద్యం ఎప్పటి నుంచో నడుస్తోంది. ఆయాసం వస్తే ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర ఒక డెక్సా సూది, ఒక డెరిఫిలిన్ సూది. సాయంత్రానికి తేలిక. మళ్లీ నాలుగు రోజులకు అదే. పాత చీటీ పట్టుకుపోతే షాపులో అవే బిళ్లలు మళ్లీ ఇస్తారు. ఒక్కొక్కరు ఏడాదిలో ఎన్ని స్టెరాయిడ్ బిళ్లలు మింగారో వాళ్లకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. ఉధృతి వచ్చినప్పుడు ఐదు రోజుల కోర్సు సరిపోతుందని 2013లో స్విట్జర్లాండ్‌లో జరిగిన అధ్యయనం చూపింది. పద్నాలుగు రోజులు వాడినా దానికన్నా ఒరిగిందేమీ లేదు. మనవాళ్లు ఆ ఐదు రోజుల మందును నెలల పాటు సాగదీస్తున్నారు. షుగర్ ఎగబాకుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అడుగంటుతుంది. 2021 మే నెలలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో కిటకిటలాడిన రోజులు మరిచిపోయేవి కావు. షుగర్ అదుపులో లేని ఒంట్లోకి స్టెరాయిడ్లు విచ్చలవిడిగా పోవడం దానికి ఒక ముఖ్య కారణమని అప్పుడు ఇంటింటికీ తెలిసింది. అంత నష్టపోయి నేర్చుకున్న పాఠాన్ని సీఓపీడీ రోగి విషయంలో ఎలా వదిలేస్తాం?

ఎక్కువమందికి తెలియని ఇంకో ముప్పు ఉంది. ఆయాసానికి రోజూ థియోఫిలిన్ రకం బిళ్ల వాడేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ మందు మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అది వాడుతున్న మనిషి జ్వరం, కళ్లె అని చెప్పి సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు తెచ్చుకుంటే థియోఫిలిన్ ఒంట్లోంచి బయటికి పోవడం మందగించి రక్తంలో పెరిగిపోతుంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లతోనూ అంతే. వాంతులు, గుండెదడ, చివరికి ఫిట్స్. జబ్బు ముదిరిందని అనుకుంటారు, మందులు కలిసి చేసిన పని అని తోచదు. ఇంట్లో దాచుకోమని ఇచ్చే యాంటీబయాటిక్ ఏదో, రోగి అప్పటికే వాడుతున్న బిళ్లలేవో సరిచూసి ఇచ్చే తీరిక డిశ్చార్జి రోజున ఎవరికైనా ఉంటోందా?

పంపు సంగతి మరీ విచారకరం. జబ్బును అదుపులో ఉంచే ముఖ్య సాధనం అదే. దాన్నేమో 'అలవాటైపోతుంది', 'ఆఖరికి వచ్చినవాళ్లకే పెడతారు' అని భయపడి మూల పడేసి బిళ్లలకు పోతారు. సాల్బుటమాల్ పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు బిళ్లలో 4 మిల్లీగ్రాములు, అంటే నలభై నొక్కులంత. బిళ్ల రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి, గుండెను దడదడలాడించి, చివరికి కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది. పంపు మందు తిన్నగా చేరాల్సిన చోటికే చేరుతుంది, అదీ సరిగ్గా పీలిస్తేనే. నొక్కే పంపును నెమ్మదిగా లోతుగా పీలుస్తూ నొక్కి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. క్యాప్సూల్ వేసి పీల్చే పరికరమైతే వేగంగా, బలంగా పీల్చాలి. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమైన పద్ధతులు. రెండూ ఒకే మనిషికి ఇచ్చి ఏది ఎలాగో చూపకుండా పంపడం కద్దు. పీల్చాల్సిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టెరాయిడ్ ఉన్న పంపు పీల్చాక నోరు పుక్కిలించాలని తెలియక నోరంతా పూసి, ఆ పుండ్లకు భయపడి పంపే మానేసినవాళ్లూ ఉన్నారు. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లిలో చేప ప్రసాదం తీసుకుని, ఇక మందులతో పనిలేదని పంపు పక్కన పెట్టేవాళ్లకూ ఒక మాట. ఆ ప్రసాదం ఈ జబ్బును తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. నమ్మకం మీ ఇష్టం, పంపు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి.

ఆయాసమంతా ఊపిరితిత్తులదే కాదు. గుండె నీరసించినా, రక్తం బాగా తగ్గినా ఆయాసమే. ఊపిరితిత్తులు ఎంత గాలిని ఎంత వేగంగా వదలగలుగుతున్నాయో కొలిచే స్పైరోమెట్రీ చేస్తే గానీ సీఓపీడీ అని నిర్ధారించకూడదు. ఆ పరీక్ష ఒక్కసారి కూడా జరగకుండా ఏళ్లుగా ఆయాసం మందులు మింగుతున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అలాంటి మనిషికి ఆయాసమొస్తే స్టెరాయిడ్ వేసుకోమని చెప్పి పంపితే, వచ్చింది గుండెపోటైతే ఏం కావాలి?

కాబట్టి ఆసుపత్రులకు, ముందుగా ఛాతీ విభాగాలున్న పెద్దాసుపత్రులకు ఈ హెచ్చరిక. హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి అయినా, విశాఖ పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి అయినా, కార్పొరేట్ ఆసుపత్రి అయినా ఒకటే. రోగి మంచం దిగే ముందు పంపు అతని చేతికిచ్చి పీల్చి చూపించమనండి. తప్పుంటే అక్కడే దిద్దండి, ఇంట్లో చూసుకునే మనిషికీ నేర్పండి. స్టెరాయిడ్, యాంటీబయాటిక్ ముందుగా ఇవ్వదలిస్తే ఏ లక్షణానికి, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వండి. చదవలేనివారికి పక్కనున్న మనిషి ఎదుట చెప్పి, తిరిగి వాళ్ల నోట చెప్పించండి. ఒక్క కోర్సుకు మించి ఇవ్వవద్దు. అది వాడగానే ఫోన్ చేసి తీరాలని, రెండో కోర్సు డాక్టర్ చూడకుండా మొదలుపెట్టకూడదని స్పష్టంగా చెప్పండి. ఒంటరిగా ఉండేవారికి, మతిమరుపు ఉన్నవారికి, షుగర్, గుండెజబ్బు కూడా ఉన్నవారికి ఆ ఒక్క కోర్సు ఇవ్వడమూ తగునా అని ఆలోచించండి. డిశ్చార్జి అయిన రెండు మూడు రోజుల్లో మీరే ఫోన్ చేయండి, రెండు వారాల్లోపు మళ్లీ చూడండి. చీటీ మీద ఒక నంబరు ఉండాలి, దానికి రాత్రి పన్నెండింటికి చేసినా మనిషి పలకాలి. రిసెప్షన్ నంబరు ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఈ ఏర్పాటు చేయలేని ఆసుపత్రి ఇంట్లో వాడుకోమని స్టెరాయిడ్లు ఇవ్వకపోవడమే మేలు. ఇబ్బందిగా ఉంటే వెంటనే వచ్చేయమని చెప్పడం అంతకన్నా భద్రం.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకా ఎక్కువ. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో సీఓపీడీ, ఆస్తమాలకూ చోటుంది. కానీ ఏఎన్ఎం ఇంటికొచ్చి బీపీ చూస్తుంది, షుగర్ చూస్తుంది, ఆయాసం గురించి అడిగే పద్ధతి ఇంకా వేళ్లూనలేదు. పల్లె దవాఖానాల్లో, విలేజ్ క్లినిక్‌లలో పంపు మందులు ఏ నెలా ఖాళీ కాకుండా ఉండాలి. పంపు దొరకని చోట బిళ్లలూ సూదులే రాజ్యమేలతాయి. అక్కడ పనిచేసే నర్సులకు పంపు పట్టించడం, ప్రమాద లక్షణాలు గుర్తుపట్టడం నేర్పడానికి పెద్ద ఖర్చు కాదు. 104 సహాయవాణి నడిపిన అనుభవం మన రాష్ట్రాలకు ఉంది. సీఓపీడీతో డిశ్చార్జి అయిన ప్రతి మనిషినీ నెలనెలా ఫోన్‌లో పలకరించే బాధ్యత ఈ చలికాలంలోనే ఎవరికో ఒకరికి అప్పగించాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు అమ్మే షాపులపై చట్టం ఉంది, అమలే లేదు.

నిజంగా మేలు చేస్తుందని తిరుగులేకుండా తేలినది ఒకటుంది. పల్మనరీ రీహాబిలిటేషన్. ఫిజియోథెరపిస్టు కనిపెట్టి ఉండగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి రెండు మూడుసార్లు నడక, కాళ్లకు చేతులకు వ్యాయామం, ఊపిరి పీల్చే పద్ధతులు. 65 అధ్యయనాలు, 3,822 మంది రోగుల ఫలితాలు చూసిన కాక్రేన్ సమీక్ష 2015లో, ఇది పనిచేస్తుందా లేదా అని ఇంకా పరీక్షలు చేయనక్కర్లేదని తేల్చేసింది. స్వీయ సంరక్షణ నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ రోగిని వారం వారం కళ్లారా చూసే మనిషి ఉంటారు. మన జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ గదులు ఉన్నాయి. మోకాళ్లకు, పక్షవాతానికి వాడుతున్న ఆ గదులను వారంలో రెండు పూటలు ఆయాసం రోగులకు తెరవమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇక ఇంట్లోవాళ్లకు. కూర్చుని ఉన్నా ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు, గోళ్లు నీలం తిరిగినా, మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడుతున్నా, పంపు పీల్చాక కూడా తేలికపడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మీటరు 88 కన్నా కిందికి పడి అక్కడే నిలిచినా సంచిలో ఉన్న బిళ్లల కోసం వెతకవద్దు. 108కి ఫోన్ చేయండి. వచ్చిన సిబ్బందికి సీఓపీడీ ఉందని మొదటి మాటగా చెప్పండి, ఆక్సిజన్ ఎంత పెట్టాలో వాళ్లు దాన్నిబట్టే నిర్ణయించుకోవాలి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి. ఆక్సిజన్ మిషన్ ఉన్న గదిలో బీడీ, చుట్ట, అగరబత్తి, దీపం ఏదీ వెలిగించకండి. ఫ్లూ, నిమోనియా టీకాల గురించి డాక్టర్‌ను ఈ వారమే అడగండి. భోగినాడు వీధిలో పాత టైర్లు కాల్చే పిల్లలకు ఆ వీధిలోనే ఆయాసంతో ఉన్న తాతయ్య ఎవరో చూపించి చెప్పండి, వింటారు.

ఇది చదువుతున్నవారిలో నెలల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నవాళ్లు ఉండి ఉంటారు. భయపడి రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. చాలాకాలం వాడాక హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. మోతాదు కొద్దికొద్దిగా డాక్టరే తగ్గించాలి. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని, ఎవరు చెబితే మొదలుపెట్టారో కాగితం మీద రాసుకుని, ఇంట్లో మిగిలిన బిళ్లల అట్టలతో సహా ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, చెప్పింది విని గుర్తుపెట్టుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి.